పట్టుగుడ్డ చుట్టిన మైకు

నేను చదివింది మూడో తరగతి, అది కూడా ఏడాది నిండా కాదు. కాబట్టి ఇందులో తప్పులుంటే మీరే దిద్దుకొని చదవండి. నాకు చెప్పే పని పెట్టుకోవద్దు.

మా మామగారి గొంతులో గడ్డ లేచిన ఏటి మాట ఇది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, అది కాస్తా ఆంధ్రప్రదేశ్ అయి కొన్నేండ్లు గడిచాయి. మా ఇంటాయన గుమాస్తాగా పనిచేసే జమ్మలమడుగు తాలూకా కచేరీకి ఈ లోపల రెండు మార్లు బోర్డు మార్చారు. లోపలి బల్లలూ, వాటి మీది దుమ్మూ మాత్రం పాత ప్రభుత్వానివే.

మామగారు పురోహితులు. జమ్మలమడుగు పక్కన నాలుగు ఊర్లలో పెండ్లి ఎవరింట్లో జరిగినా ఆయనే జరిపించాలి. అది మా ఇంటికి తాతల నాటి హక్కు. హక్కంటే పొలం లాంటిది కాదు, దానికి కాగితం లేదు. పెండ్లిపీట ముందు మా ఇంటి మనిషి కూర్చొని, ఆ మనిషి నోటి నుంచి మంత్రం వచ్చినంత కాలం అది మాది. ఒక్క పెండ్లికి నోరు లేవలేదా, ఆ ఊరు దాయాదికి పోతుంది. ఆ దాయాది మామగారి చిన్నాయన కొడుకు. పులివెందుల పక్క ఒక ఊర్లో ఉండేవాడు. మేము ఆయన్ను చిన్నమామ అనేవాళ్ళం.

మదరాసులో డాక్టరు గడ్డను చూసి, మాఘమాసం లోపల కోయాలన్నాడు. కోస్తే మనిషి ఉంటాడు, గొంతు ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. ఈ సంగతి పులివెందులకు మా కంటే ముందే చేరింది. చిన్నమామ కమలాపండ్లు తీసుకొని పరామర్శకు వచ్చాడు.

"నువ్వేం దిగులు పడాకన్నా. నీ నాలుగూర్లూ నేను చూసుకుంటా గదా," అన్నాడు.

సంచి విప్పి చూస్తే పండ్లు సరిగ్గా నాలుగు. ఊరికొక పండు లెక్కన తెచ్చినట్టున్నాడు.

మామగారికి కత్తి అంటే భయం లేదు. తాను బ్రతికి ఉండగానే, తన కళ్ళ ముందే, తన పీట మీద ఇంకొకరు కూర్చోవడం చూడాల్సి వస్తుందేమో అన్నదే ఆయన భయం. కొడుకును కూర్చోబెడదామంటే మా ఇంటాయనకు మంత్రాలు రావు. చిన్నప్పుడు నేర్పబోతే పారిపోయి కచేరీలో దాక్కున్నాడు, ఇంకా అక్కడే ఉన్నాడు.

అట్లాంటి మనిషికి ఒక ఆలోచన వచ్చింది. ప్రొద్దుటూరులో ఏదో సభకు పోయినప్పుడు, ఒకాయన మాట్లాడిందంతా యంత్రంలో పట్టి మళ్ళీ వినిపించడం చూశాడట. గొంతు పోకముందే నాయన మంత్రాలన్నీ ఆ టేప్‌రికార్డరులో పడితే ఎట్లుంటుందన్నాడు. ఫాల్గుణంలో ఒక పెద్ద రైతు ఇంట్లో పెండ్లి ఉంది. గడ్డ కోసిన తరువాత మా నాలుగు ఊర్లలో పడే మొదటి పెండ్లి అదే. ఆ రైతును పిలిచి అడిగారు. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"మా నాయన పెండ్లికి ఈ సామే, నా పెండ్లికి ఈ సామే. సామి పీట ముందర కూసోవాల, సామి గొంతు ఇనపడాల. అది నోట్లో నుంచి వస్తాందా, పెట్టెలో నుంచి వస్తాందా మాకేంది?"

చిన్నమామ అక్కడే ఉన్నాడు. కాదంటే చెడ్డవాడవుతాడు కాబట్టి తలూపాడు. ఊపి, "ఒక్క మాట. ముహూర్తం తప్పితే మాత్రం ఆ ఊరు నాది," అన్నాడు. రైతు సరేనన్నాడు. మామగారు కూడా సరేనన్నారు. ముహూర్తం తప్పడం ఆయన ఎరిగిన సంగతి కాదు.

యంత్రం కోసం నేనూ మా ఇంటాయనా ప్రొద్దుటూరు పోయాము. ఆయన ఒక్కడే పోతే అడిగినంత ఇచ్చి వస్తాడు. అక్కడ పెండ్లిండ్లకూ సభలకూ మైకుసెట్టు పెట్టే సాయబు ఒకాయన టేప్‌రికార్డరు బాడుగకిస్తాడు. పెట్టెతో పాటు తానే వచ్చి నడిపిస్తానన్నాడు. చిక్కంతా మైకుతో వచ్చింది. పెట్టెతో వచ్చిన మైకు పోయిన ఎండాకాలం చచ్చిపోయిందట.

"దాని లోపల పటికబెల్లం మాదిరి బిళ్ళ ఉంటాది తల్లీ. మన ఎండకు తట్టుకోలేదు," అని, కొత్త మైకు ఒకటి తెచ్చి చూపించాడు. వెండి గిన్నెలా మెరుస్తోంది. బాడుగ కూడా వెండి గిన్నె బాడుగే.

మూలలో తీగల కుప్ప కింద ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన ఒక మైకు కనిపించింది. తల ఒక పక్క సొట్ట పోయింది.

"ఆ మూల పడుండేదేందప్పా?" అని అడిగాను.

"అదా! అది పాత డైనమిక్ మైకమ్మా. లోపల అయస్కాంతం, దాని మీద తీగచుట్ట, పైన పల్చటి తోలు మాదిరి రేకు. అంతే. నాటకాలోళ్ళు రెండు తూర్లు కింద పడేసినారు. అయినా పలుకుతాది. కానీ అది మొద్దుది. నోటి ముందర పెట్టుకొని మాట్లాడితేనే వింటాది. జానెడు దూరం పోతే దానికి చెవుడు."

దగ్గరికి వచ్చి చెప్పినదే వినాలి, వీధిలో మాట లోపలికి తేకూడదు. అంత మంచి గుణం మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ లేదు. బాడుగ వద్దు, పాత ఇనుము ధరకు అమ్మమన్నాను. సాయబు నవ్వాడు. నేను నవ్వలేదు. కాసేపటికి ఆయన కూడా మానుకొని, మైకును పాత పేపరులో చుట్టి ఇచ్చాడు.

జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చాక మామగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నేను దీని దగ్గర నోరు పెట్టను," అన్నారు.

"ఎందుకు సామీ?" అన్నాడు సాయబు.

"ఎంతమంది నాటకాలవాళ్ళు, ఎంతమంది ఓట్లవాళ్ళు దీని మీద ఉమ్మినారో! అందరి ఎంగిలీ దాంట్లోనే ఉండాది. ఎంగిలి మీద మంత్రం చెప్తారా యాడన్నా?"

కడుగుదామంటే సాయబు అడ్డం పడ్డాడు. నీళ్ళు పోస్తే మైకు పోతుందట. సగం దినం బాడుగ అట్లా ఎంగిలి చర్చలోనే పోయింది. చివరికి నా బట్టల పెట్టెలో నుంచి చినిగిపోయిన పట్టు మడిచీర ముక్క ఒకటి తీసి, మైకు తలకు రెండు మడతలు చుట్టి దారంతో కట్టాను. పట్టుకు మైల లేదు, ఎంగిలి లేదు. మామగారు దగ్గరికి జరిగి, పరీక్షకు ఒక శ్లోకం చెప్పారు.

సాయబు చెవులకు డబ్బాలు పెట్టుకొని విని, ఆశ్చర్యపోయాడు. అంతకుముందు తాను పరీక్షకు మాట్లాడినప్పుడు ప, భ వచ్చిన చోటల్లా టపాకాయ పేలినట్టు చప్పుడు వచ్చిందట. ఇప్పుడు లేదు. "పట్టు మంచి పని చేస్తాండాదమ్మా. ఇది మాకెవరూ చెప్పలా," అన్నాడు. నేను మైల కోసం చుట్టాను, అది గాలిని ఆపింది. మా ఆచారాలలో పనికొచ్చేవి ఇట్లానే దొరుకుతాయి, వెతికితే దొరకవు.

తరువాత గుయ్యిమని రొద. భూమిలోకి ఒక తీగ దించాలి, కానీ మట్టి తడిగా ఉండాలి అన్నాడు సాయబు. జమ్మలమడుగులో తడి మట్టి! మా ఇంట్లో తడి ఉండేది తులసికోటలో ఒక్కచోటే. అక్కడ ఎట్లాగూ రోజూ చెంబెడు నీళ్ళు పోస్తాను, వేరే ఖర్చు లేదు. మేకు ఒకటి అందులో గుచ్చి తీగ కట్టాడు. రొద ఆగిపోయింది.

జొన్నమూటలు పెట్టే కొట్టులో మామగారిని కూర్చోబెట్టాము. మూటలున్న చోట గొంతు గుండ్రంగా వస్తుంది, గోడలకు కొట్టుకోదు అని సాయబే చెప్పాడు. అంతా సిద్ధమైంది, మామగారు మాత్రం మొదలుపెట్టరు. పుష్యమాసంలో పెండ్లి మంత్రం ఎట్లా అని నేను అనుకున్నాను. అది కాదు, పాఠం చెప్పడానికి మాసం లేదన్నారు. మరి ఇంకేమిటి?

"ఎదురుగా పెండ్లికొడుకు లేకుండా నాకు మంత్రం రాదు," అన్నారు.

నలభై ఏండ్ల అలవాటు. మంత్రం ఒక పక్క, మనుషులను అదిలించడం ఇంకో పక్క, రెండూ కలిసే ఆయన నోట్లో ఉన్నాయి. విడదీస్తే రెండూ రావు. నేను రుబ్బురోలు పొత్రాన్ని దొర్లించుకొచ్చి ఒక పీట మీద పెట్టాను. దాని పక్కన రాగిబిందె పెట్టాను. పొత్రం పెండ్లికొడుకు, బిందె పెండ్లికూతురు. మామగారు వాళ్ళిద్దరినీ చూసి తృప్తిపడి, గొంతు సవరించుకొని మొదలుపెట్టారు.

ఇంకో తంటా. మంత్రం ఊపందుకునేసరికి ఆయన తల అటూ ఇటూ ఊగుతుంది. తల పక్కకు పోతే చెవిటి మైకుకు మంత్రం అందదు. "సామి గొంతు సగం గోడకు పోతాంది," అని సాయబు మొరపెట్టుకున్నాడు. ఆయన చెంపలకు రెండు పక్కలా బాలీసు దిండ్లు ఆనించి, వాటి వెనక రెండు జొన్నమూటలు నిలబెట్టాను. తల ఊగడం ఆగింది. కళ్ళు మాత్రం ఊగాయి.

గోత్రాలూ, పేర్లూ వచ్చే చోట ఖాళీ వదిలారు. పెండ్లిలో ఆ చోట్ల మా ఇంటాయన అందుకోవాలి. అంతవరకు బాగుంది. కానీ ఒకచోట మంత్రం ఆపి, మామగారు పొత్రం వైపు ఉరిమి చూశారు.

"ఏమప్పా పెండ్లికొడకా, నిద్రపోతాండావా? నీ పెండ్లేనప్పా ఇది!"

ఇంకాసేపటికి బిందెను, "ఏమ్మా, తల వంచుకో. సంతకు వచ్చినావా?" అన్నారు.

సాయబు చెరిపేద్దామా అన్నాడు. చెరిపితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఆయన గొంతు అప్పటికే గరగర అంటోంది. అందులో ఉన్నది ఇంకొక్కసారికి చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాను. మధ్యలో ఎక్కడన్నా ఆపాల్సి వస్తే మామగారు వేలు పైకెత్తాలి, సాయబు టేపు చక్రాలు ఆపాలి అని ఒప్పందం చేసుకున్నాము. ఇంట్లో రెండు మార్లు ఎత్తి చూశారు. రెండు మార్లూ ఆగింది. మా తెలివికి మేమే మెచ్చుకున్నాము.

మదరాసులో గడ్డ తీసేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఇంటికి వచ్చాక మామగారు పలకా బలపమూ పట్టుకున్నారు. మొదటి వారంలో రాసినవన్నీ నా వంటలో తప్పులే.

ఫాల్గుణంలో పెండ్లి. పగటి ముహూర్తం. ఆ ఊరికి అంతకుముందు ఏడే కరెంటు వచ్చింది. పందిట్లో మామగారు గొంతుకు పంచె చుట్టుకొని పీట ముందు కూర్చున్నారు. పక్కన కాగితాలతో మా ఇంటాయన. వెనక సాయబు, ఆయన పెట్టె, పైన వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకరు గొట్టం. చిన్నమామ అందరికంటే ముందు వచ్చి, చేతిగడియారం కనబడేలా చొక్కా చేయి మడుచుకొని కూర్చున్నాడు.

చక్రాలు తిరిగాయి. గొట్టం నుంచి మామగారి గొంతు ఊరంతా వినిపించింది. మంత్రానికి తగ్గట్టు ఆయన చేతులతో అక్షతలు వేయించడం, నీళ్ళు వదిలించడం చేస్తున్నారు. పేర్లు వచ్చే చోట మా ఇంటాయన లేచి, కచేరీలో కక్షిదారులను పిలిచినట్టు పిలిచాడు. జనం నోరు తెరుచుకొని చూస్తున్నారు. ఇంతలో గొట్టం ఉరిమింది.

"ఏమప్పా పెండ్లికొడకా, నిద్రపోతాండావా?"

రాత్రంతా మెరవణిలో ఊరంతా ఊరేగిన పిల్లవాడు నిజంగానే కునుకుతున్నాడు. ఎగిరిపడి, "లేదు సామీ, లేదు!" అన్నాడు. పందిరంతా ఒకటే నవ్వు. "గొంతు పోయినా సామికి కండ్లు పెట్టెలో కూడా ఉండాయి రా," అన్నాడొక ముసలాయన. ఆ మాటతో సగం ఊరు మా పక్షానికి వచ్చింది.

మిగిలిన సగం రాకముందే చిక్కొచ్చింది. పొత్రం ఆచమనం చేయదు. బిందె పైట సర్దుకోదు. దర్భ ఎక్కడుందని మేనమామను వెతకాల్సిన పని వాటికి లేదు. కాబట్టి మా కొట్టులో పెండ్లి మామూలు పెండ్లి కంటే చాలా తొందరగా అయిపోయింది. కచేరీ గుమాస్తా, పంచాంగం చూసే పురోహితుడు, యంత్రం నడిపే సాయబు, ముగ్గురిలో ఒకరికీ ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు, అది వేరే సంగతి. టేపు తాళి కట్టే చోటికి వచ్చేసరికి ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది.

మామగారు గమనించారు. ఒప్పందం ప్రకారం వేలు పైకెత్తారు. సాయబు ఒప్పందం ప్రకారం చక్రాలు ఆపాడు.

అయితే మేళగాళ్ళతో మాకు ఒప్పందం లేదు. పెండ్లిలో పురోహితుడు వేలు పైకెత్తి ఆడిస్తే గట్టిమేళం వాయించాలి, తాళి కట్టే గడియ వచ్చినట్టు. ఆ సైగతో నలభై ఏండ్లుగా వాయిస్తున్నారు. డోలు ఫెళ్ళుమంది, నాదస్వరం అందుకుంది. మామగారు బెదిరిపోయి, వద్దు వద్దని వేలు గట్టిగా ఆడించారు. వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. రెండు చేతులూ ఆడించారు. ఇంత మెప్పు వాళ్ళు పుట్టి ఎరుగరు, ప్రాణం పెట్టి వాయించారు. పలక చూపిస్తే వాళ్ళకు అక్షరాలు రావు. జనం లేచి అక్షతలు విసిరారు. పెండ్లికొడుకు తాళి కోసం చేయి చాపాడు.

తాళి ఆ గడియకు ఎక్కడుంది? అందరూ తాకి దీవించాలని కొబ్బరికాయ మీద పెట్టి, పళ్ళెంలో ఆడవాళ్ళ మధ్య తిప్పుతున్నారు. తిరిగి తిరిగి సరిగ్గా నా ఒళ్ళోకి వచ్చింది.

పెండ్లికూతురి మేనత్త పళ్ళెం పట్టుకొని లాగింది. నేను వదలలేదు. మేళం హోరులో ఆమె నోరు కదలడమే కనిపిస్తోంది. చిన్నమామ నా పక్కకు వచ్చి చెవిలో అరిచాడు.

"ఇయ్యమ్మాయ్, ఇయ్యి! మేళం మోగుతాంటే తాళి ఆపకూడదు!"

అరుస్తూ ఒకసారి గడియారం చూసుకొని, మూతి మీది నవ్వు తుడుచుకున్నాడు. ఆ నవ్వు చూశాక పళ్ళేన్ని పైటకొంగు కిందికి లాక్కొని, దాని మీదికి వంగి కూర్చున్నాను. నా చేతికి వచ్చిన వస్తువు అంత సులభంగా బయటికి పోదని మా ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. ఆ ఊరికి ఆ రోజు తెలిసింది. నలుగురు ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. ఒకామె నా జుట్టుముడి పట్టుకుందని కూడా చెప్పారు గాని, నేను గమనించలేదు.

మామగారి చేతులు దించితే మేళం ఆగుతుంది. కానీ కోడలు మామగారిని తాకకూడదు. ఊపిరంతా బిగబట్టి మా ఇంటాయన మీద అరిచాను.

"చూస్తాండావేంది? మీ నాయన చేతులు పట్టుకో!"

కచేరీలో కూడా అంత తొందరగా ఆయన ఏ పనీ చేసి ఉండడు. రెండు చేతులూ గట్టిగా పట్టి కిందికి దించాడు. మేళం తోక తెగినట్టు ఆగిపోయింది.

"ఏందయ్యా ఇది?" అన్నాడు రైతు.

"ముహూర్తం ఇంకా కాలేదు. చిన్నమామ గడియారం చూడండి," అన్నాను నేను, వంగినచోటు నుంచి లేవకుండానే.

ఆయన చేయి వెనక్కి దాచుకోబోయాడు. చొక్కా ముందే మడిచి ఉండడం వల్ల కుదరలేదు. రైతు ఆ చేయి పట్టుకొని గడియారం చూశాడు. తరువాత చిన్నమామ ముఖం చూశాడు. 

పావుగంట ఊరంతా ఊరికే కూర్చుంది. నేను పళ్ళెం వదలలేదు. సాయబును మామగారి వైపు చూడకుండా అటు తిరిగి కూర్చోమన్నాము, లేకపోతే అసలు గట్టిమేళం సైగకు మంత్రం ఆపేస్తాడు. గడియ వచ్చింది. చక్రాలు తిరిగాయి, వేలు లేచింది, మేళం మోగింది. అప్పుడు పళ్ళెం ఇచ్చాను. తాళి పడింది.

"ముహూర్తం తప్పిందా సామీ?" అని రైతు చిన్నమామనే అడిగాడు, అందరికీ వినపడేలా.

"తప్పలేదులే," అన్నాడాయన.

సంభావన తాంబూలం మామగారి చేతుల్లోనే పెట్టారు. మిగతా మూడు ఊర్లూ మాకే నిలిచాయి.

వైశాఖంలో ఒకనాడు చిన్నమామ మా గడప తొక్కాడు. మజ్జిగ తాగాడు, కోడలు మజ్జిగ బాగా చిలుకుతుందని పొగిడాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"అన్నా, నా ఊర్లలో ఒకే గడియకు రెండు పెండ్లిండ్లు పడినాయి. ఒకదానికి నేను పోతా. ఇంకోదానికి నీ చక్రాలు రెండూ పంపియ్యరాదా? సాయబు బాడుగ నేనే పెట్టుకుంటా."

"మైకు కావాలంటే తీసకపో చిన్నమామా. పట్టుగుడ్డతో సహా ఇస్తా. నీ గొంతే పట్టుకో," అన్నాను నేను.

"అంత తెరిపి యాడుందమ్మాయ్? ఎల్లుండే గదా పెండ్లి."

మామగారు పలక తీసుకున్నారు. బలపం నిదానంగా నడిపి, ఆయన వైపు తిప్పి చూపించారు.

"ఆ ఊరు నీది. అక్కడ నా నోరు లేస్తే నీ హక్కు పోతుంది. నేను అట్లాంటి పని చేయను."

చిన్నమామ రెండు మార్లు చదువుకున్నాడు. ధర్మం మాట కాబట్టి ఎదురు చెప్పడానికి వీల్లేదు. మధ్యాహ్నం బస్సుకే పులివెందులకు బయలుదేరాడు.

మామగారు మామూలుగా ఒక మాట చూపించిన వెంటనే పలక తుడిచేసేవారు. ఆ రోజు తుడవలేదు. వసారాలో గోడకు ఆనించి పెట్టుకున్నారు. సాయంత్రం దాకా ఇంటికి వచ్చినవాళ్ళందరూ చదివారు. చదువు రానివాళ్ళకు మా ఇంటాయన చదివి వినిపించాడు.